పద్దెనిమిది ఎండిన బోర్లు

ఆ రోజుల్లో గిద్దలూరు నుంచి కొమరోలు దాకా నాతో వాదించి నెగ్గిన మనిషి లేడని నా నమ్మకం. (ప్రతి నమ్మకానికీ రుజువు చూపమని ఊరందరినీ నిలదీసే నేను ఈ ఒక్కదానికి మాత్రం రుజువు అడగలేదు.) జూనియర్ కాలేజీలో కొత్తగా లెక్చరరు ఉద్యోగం. వారం వారం ఏదో ఒక వేదిక మీద మూఢనమ్మకాల మీద ఉపన్యాసం, ఉపన్యాసం లేని వారం టీ దుకాణం ముందు వాగ్వాదం. పిల్లి ఎదురొచ్చిందని ఆగిపోయినవాణ్ణి పట్టుకుని ఎందుకు ఆగావని అడిగేవాణ్ణి. పాపం, వాడు పిల్లి వల్ల పోగొట్టుకున్నది అర నిమిషమైతే, నా వల్ల పోగొట్టుకునేది ఒక పూట. ఏ సభనైనా రాహుకాలం చూసి మరీ మొదలుపెట్టించేవాణ్ణి. ఏ రోజు రాహుకాలం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో నాకు కంఠస్థం. జనం నాకు ‘తర్కం సారు’ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని చాలాకాలం మురిసిపోయాను. నేను వస్తుంటే టీ దుకాణం బెంచీ ఎందుకు ఖాళీ అయ్యేదో మాత్రం ఏనాడూ తర్కించి చూడలేదు.

నా మంటకు కారణం లేకపోలేదు. మాది రాచర్ల దగ్గర మెట్ట పల్లె. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వైపు చూపు. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింటికీ చోటు చూపింది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఒక పెద్దమనిషి. కాయ నిటారుగా లేచి నిలబడిన చోట అడుగున నీళ్ళుంటాయట. కాయ నాలుగుసార్లూ లేచింది. నీళ్ళు ఒక్కసారీ లేవలేదు. అడిగితే ఆయన, “ఇంకొక పది అడుగులు దించి ఉంటే పడేటివి” అనేవాడు. ఈ ‘ఉండి ఉంటే’ అనే మాట మీద నేను కక్కినన్ని నిప్పులు ఇంకే మాట మీదా కక్కలేదు. జరగనిదాన్ని సాక్ష్యంగా తెచ్చేవాడు మోసగాడన్నా కావాలి, మోసపోయినవాడన్నా కావాలి అని బల్ల గుద్దేవాణ్ణి. నాయన అన్నీ వినేవాడు. ఆ నాలుగు బోర్లు ఆయనకు నేర్పింది వేరే ఉంది. నోరు తెరుచుకుని ఉన్న గుంత కనిపిస్తే రాయి పెట్టి మూయాలి. ఎండిన బోరును అట్లా వదిలేయడం మా వైపు మహాపాపం (పాపం అనే మాటను నేను ఒప్పుకునేది ఇక్కడొక్కచోటే). పిల్లలు పడతారు, మేకపిల్లలు పడతాయి. ఎవరి పొలమైనా సరే, పెళ్ళికి పోతున్నా సరే, గుంత కనిపిస్తే నాయన కాళ్ళు అక్కడే నాటుకుపోయేవి. రాయి దొరికేదాకా కదిలేవి కావు.

అట్లాంటి రోజుల్లో మా కాలేజీలోనే లెక్కలు చెప్పే ఆమె నన్ను పెళ్ళి చేసుకోవడానికి ఒప్పుకుంది. (ఎందుకు ఒప్పుకుందో ఇప్పటికీ చెప్పలేదు. లెక్క చేసి చూపకుండా జవాబు మాత్రం రాసింది, మార్కులు వేసుకోవాల్సింది నేను.) ఆమె నాన్నది బేస్తవారిపేట వైపు పల్లె. ఎప్పుడో ఓడరేవులో ఇంజనీరు ఉద్యోగానికి వెళ్ళి, సముద్రపు ఒడ్డు పట్నంలోనే స్థిరపడిపోయాడు. (ఆ పట్నం పేరు చెప్పను. అక్కడి క్లబ్బువాళ్ళు ఇప్పటికైనా మమ్మల్ని గుర్తుపట్టకపోతే మంచిది.) తెల్లదొరల కాలంనాటి గోల్ఫు మైదానం ఒకటి ఆ ఊళ్ళో ఇసుక దిబ్బల మధ్య ఉండేది. ఆయన రోజూ అక్కడ ఆడేవాడు, అదీ ఒక వెలిసిపోయిన ఎర్ర టోపీ పెట్టుకుని. ఆ టోపీ లేని రోజు బంతి వంకరగా పోతుందని ఆయన నమ్మకం. నేను మనసులో టోపీ మామ అని పేరు పెట్టుకున్నాను. దసరా సెలవుల్లో సంబంధం మాట్లాడుకోవడానికి నాయననూ వెంటబెట్టుకుని, ఆమెతో కలిసి గిద్దలూరులో రైలెక్కాను. నాకు కంఠస్థమే అయినా మామకు చూపడానికి జేబులో రాహుకాలాలు అచ్చువేసిన క్యాలెండరు కాగితం ఒకటి మడిచి పెట్టుకున్నాను. ఏమంటే, నా పెళ్ళి పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని, నిండు రాహుకాలంలో జరగాలన్నది నా ప్రతిజ్ఞ.

వరండాలో మాటలు మొదలైన కాసేపటికే పీటముడి పడింది. ఆమె లోపల క్వార్టర్లీ పేపర్లు దిద్దుకుంటూ ఉంది.

“శాస్త్రం లేకుండా పిల్లను ఇయ్యలేను లెక్చరరు గారూ,” అన్నాడు టోపీ మామ. ఆ ‘గారు’లో గౌరవం కంటే కారం ఎక్కువ.

“శాస్త్రమంటే రుజువుకు నిలిచేది మామా. మీరు చెప్పేది పంచాంగం,” అన్నాను.

“నీకు చెయ్యాల్సింది వాదన కాదబ్బీ, వైద్యం.” ముప్పై ఏళ్ళ పట్నవాసం తర్వాత కూడా కోపం వస్తే ఆయన నాలుక బేస్తవారిపేట బస్సెక్కేది. “అంత మొనగానివైతే రేపు మైదానానికి రా. సముద్రం పక్కన ఆఖరు గుంత. నేను కొట్టే ఒక్కొక్క దెబ్బకు నువ్వు మూడు దెబ్బలు కొట్టుకో, అంతలో పడితే నువ్వు గెలిచినట్టే. నువ్వు గెలిస్తే రాహుకాలమేంది, అమావాస్యనాడు చేసుకో, నోరు తెరవను. నేను గెలిస్తే పంతులు, ముహూర్తం, బాసికాలు, తలంబ్రాలు, ఒక్కటి తగ్గకూడదు.”

“ఒప్పుకున్నా!” అన్నాను. గోల్ఫు కర్రను అంతవరకు ముట్టుకుని ఎరగను. కానీ చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆటలో గాల్లోకి లేచిన బిళ్ళను ఊరవతలికి కొట్టినవాణ్ణి. కదలకుండా కూర్చున్న బంతిని కొట్టడం ఏపాటి? ఇదీ నా తర్కం.

సాసర్లో టీ ఊదుకుంటున్న నాయన తలెత్తాడు. “ఏం ఆట బావా అది?”

“కర్రతో బంతిని కొట్టి గుంతలో వేసేది బావా.”

“గుంతలోనా?” అన్నాడు నాయన. ఆయన నుదుటి మీద ఒక ముడత పడింది. మేమిద్దరం మా పౌరుషంలో ఉండి ఆ ముడతను లెక్కచేయలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. అది నేను అనుకున్నట్టు చదునుగా, తోటలాగా లేదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఊరు, మధ్యలో ఎగుడుదిగుడు ఇసుక దిబ్బల మీద పొట్టి గడ్డి. నీడకు ఒక్క చెట్టు లేదు. గాలి మాత్రం మనిషి పంచెను జెండా చేసేంత ఉంది. నిజానికి నాయన పంచె చేసింది అదే పని. ఆయన ఒక చేత్తో పంచె పట్టుకుని, ఇంకో చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ పచ్చదనమంతా కలియజూశాడు.

“ఇంత గడ్డి పెట్టుకోని ఒక్క గొర్రె లేదేంది బావా?”

“గొర్రెలను రానియ్యరు బావా.”

“మరి గడ్డి ఏం జేస్తారు?”

“మిషనుతో కోసి పారేస్తారు.”

నాయన ఆ మాటను మందు మింగినట్టు మింగాడు. అంతలో ఆయన కంట్లో జెండాలు పడ్డాయి. “ఆ జెండాలేంది?”

“జెండాకొక గుంత. మొత్తం పద్దెనిమిది,” అని గర్వంగా చెప్పాడు మామ.

“పద్దెనిమిదా!” నాయన ఆగిపోయాడు. దగ్గర్లో ఉన్న జెండా వద్దకు నడిచి, వంగి చూశాడు. గుండ్రటి గుంత. లోపల ప్లాస్టిక్ డబ్బా అంచు. ఆయన లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో, “కేసింగు పైపు కూడా దించినార్రా. ఒక్కదాని మీద మోటారు లేదు. పద్దెనిమిదీ పోయినాయి. పాయింటుకొక జెండా పాతి పెట్టుకున్నారు, పాపం. నాలుగు పోతేనే నా నడుము విరిగె,” అన్నాడు. నేను అప్పుడు చేతికి పట్టని తొడుగును లాక్కుంటూ, కర్ర ఎట్లా పట్టుకోవాలో తెలియక లోలోపల బెదురుతూ ఉన్నాను. “అది ఆట నాయనా, బోరు కాదు,” అని ముక్తసరిగా అన్నాను. “ఆటైతే మాత్రం? గుంత గుంతే గదా,” అన్నాడాయన. దానికి జవాబు చెప్పే తీరిక నాకు లేకపోయింది. మేము ఆట మొదలుపెట్టే చోటికి నడుస్తుంటే ఆయన పంచె పట్టుకుని ఒంటరిగా ముందుకు, సముద్రం వైపుకు నడిచి వెళ్ళిపోయాడు.

మామ బంతిని పెట్టి, టోపీని మూడుసార్లు తట్టి, సముద్రానికి దండం పెట్టి కొట్టాడు. బంతి కొంగలాగా ఎగిరిపోయింది. “టోపీని తట్టడానికీ బంతి ఎగరడానికీ కార్యకారణ సంబంధం ఏమిటి మామా?” అని అడిగాను. “నువ్వు కొట్టబ్బీ ముందు,” అన్నాడు. కొట్టాను. కర్ర నా చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ చేసింది (నేను జీవితంలో చేసిన ప్రదక్షిణ అదొక్కటే). బంతి ఉన్నచోటనే ఉండి నావైపు చూసింది. గొడుగూ నీళ్ళ సీసా పట్టుకుని మా వెంట వస్తున్న ఆమె ముఖం సముద్రం వైపు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. రెండో దెబ్బకు గడ్డి లేచింది. మూడో దెబ్బకు బంతి లేచి, కుడివైపున ఉన్న ఇసుక గుంటలోకి, దానికోసమే పుట్టినట్టు పోయి పడింది. ఇసుకలో ఇంకొన్ని దెబ్బలు పోయాయి. చేత్తో తీసి గట్టున పెట్టుకుంటానంటే మామ రూలు ఒప్పుకోదన్నాడు. “ఆ రూలు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? పుస్తకంలో ఉంది కాబట్టి పాటించాలంటే మనుస్మృతికీ దీనికీ తేడా ఏమిటి?” అని ఇసుకలో మోకాళ్ళదాకా నిలబడి నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. గాలి నా మాటలనూ ఇసుకనూ కలిపి నా నోట్లోకే కొట్టింది.

ఎట్లాగో ఇద్దరం చివరి దిబ్బ కిందికి చేరాం. గుంత ఆ దిబ్బ పైన, అవతలి వాలులో ఉంటుంది. కింద నిలబడితే జెండా కొస తప్ప మరేమీ కనబడదు. మామ అప్పటికి నాలుగు దెబ్బలు కొట్టాడు, అయిదోది కొట్టబోతున్నాడు. నేను పద్నాలుగు కొట్టాను. లెక్కల టీచరు నా పరిస్థితి వివరించింది: “నాన్న అయిదులో వేస్తే మీరు పదిహేనులో వెయ్యాల సారూ. అంటే ఈ దెబ్బే.” ఆమె దానిని సెలవురోజు సరదా పందెం అనుకుంటూ ఉంది. నాకు మాత్రం కళ్ళముందు నుదుటికి బాసికం కట్టుకున్న నా ఫోటో, దాని కింద గిద్దలూరు టీ దుకాణం బెంచీ నిండా కూర్చుని నవ్వుతున్న జనం కనబడ్డారు. ఇన్నేళ్ళ ఉపన్యాసాలు ఒక్క బంతి మీద నిలబడి ఉన్నాయి. మామ టోపీ తట్టి, జెండా కొసను చూసుకుని, సుతారంగా కొట్టాడు. బంతి దిబ్బ దాటింది. తర్వాత నేను కళ్ళు మూసుకుని కొట్టాను. ఆశ్చర్యం, అది కూడా దిబ్బ దాటింది. ఇద్దరం దిబ్బ మీదికి పరుగెత్తాం. ఆయనకు అరవై, నాకు ఇరవై ఎనిమిది, అయినా టోపీయే ముందు చేరింది.

అక్కడ నాయన గొంతుకూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు, పని ముగించుకున్న మనిషి తీరుగా. ఆయన ఎదురుగా గడ్డి మీద ఒక చదునైన రాయి. రాయికి జానెడు దూరంలో జెండా, వేరే చోట నాటి ఉంది. మామ బంతి జెండా కర్రకు ఆనుకుని ఆగింది. నా బంతి రాయికి ఆనుకుని ఆగింది. గుంత మాత్రం లేదు.

“గుంతేది?” అన్నాడు మామ, ఇల్లు కనబడని మనిషిలాగా.

“మూసినా బావా,” అన్నాడు నాయన తృప్తిగా. “పాయింటు గుర్తు పోకుండా జెండా పక్కనే పాతినా. వచ్చే దోవలో ఇంకో రెండు మూసినా. మిగతావి ఎండ తగ్గినాక మూస్తా.” దూరంగా ఒక జెండా చుట్టూ నలుగురు పెద్దమనుషులు వంగి ఏదో వెతుక్కుంటున్నారు.

“అయ్యో, చెయ్యి పెట్టి చూడొద్దా బావా! జానెడు లోతు గూడ లేదే!”

“గుంతలో చెయ్యి పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా? తేలుంటే?”

మామ ముఖం టోపీ రంగుకు తిరిగింది. “నా బంతి జెండాకు తగిలింది. జెండా గుంతలోనే ఉండి ఉంటే బంతి పడేది. నేనే గెలిచినా!”

“నా బంతి రాయికి తగిలింది. రాయి లేకుండా ఉండి ఉంటే పడేది. నేనే గెలిచాను!” అని నేను అంతకంటే గట్టిగా అరిచాను.

నాయన బీడీ నేలకు నొక్కి ఆర్పి, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఉండి ఉంటే, ఉండి ఉంటే. ఈ మాట ఆ కొబ్బరికాయ ఆయన గూడ అన్నాడు లేరా, నాలుగుసార్లు.”

నేను వంగి నా బంతి తీసి జేబులో వేసుకున్నాను. మామ వదల్లేదు. “నీ కొడుకు గెలవాలనే గుంత మూసినావు బావా! ఇది ఇద్దరూ కూడబలుక్కోని చేసిన పని!”

ఇప్పుడు నాయనకు కోపం వచ్చింది. “వాని కోసరమా? ముహూర్తం లేకుండా పెండ్లి జేసుకుంటానని వాడు అన్న కాన్నుంచి నాకు ముద్ద దిగడంలా. వాన్ని గెలిపించేదానికి నేను గుంత మూస్తానా? మీరిద్దరూ పెండ్లి ముహూర్తాన్ని తీసుకపొయ్యి, పద్దెనిమిదింట్లో ఈ బొక్కలోనే పెట్టినారని నాకేం తెలుసు?”

“ఏం ముహూర్తం? ఎవరి పెండ్లి?” అని వెనక నుంచి గొంతు వినిపించింది.

గొడుగు మూసింది ఆమె. పందెం సంగతి నాయనే చెప్పాడు, దాచడానికి ఆయనకేమీ లేదు కాబట్టి. ఆమె ముందు తన నాన్నవైపు తిరిగింది. “శాస్త్రం లేకుండా పిల్లను ఇయ్యవు. గోల్ఫు పందెంలో ఇస్తావు. ఇది ఏ శాస్త్రంలో ఉంది నాన్నా?” ఆయన టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు. తర్వాత నావైపు తిరిగింది. అంతవరకు పెద్దల ముందు నన్ను ‘సారూ’ అనే పిలిచేది. “స్త్రీ స్వేచ్ఛ మీద నువ్వు మాట్లాడినప్పుడు ముందు వరసలో కూచోని చప్పట్లు కొట్టింది నేనే గదా. ఆ స్వేచ్ఛ ఏమాయె? ఇసుకలో పడిందా?”

“నేను మూఢనమ్మకాన్ని ఎదిరించడానికే...” అని మొదలుపెట్టాను.

“పెండ్లి ఎప్పుడనుకున్నావు?”

“ఆదివారం, సాయంత్రం నాలుగున్నర తర్వాత. నిండు రాహుకాలం.”

“ఎట్ల తెలిసింది నీకు?”

జేబులో కాగితం ఉంది. చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది. ఆమె ఆ చేతిని చూసింది. “మా నాన్నకు ముహూర్తం కావాలంటే పంతుల్ని అడగాల. ఆయనకేమీ నోటికి రాదు. నీకు ఏడు రోజుల రాహుకాలాలు నోటికొచ్చు. మీ ఇద్దర్ల పంచాంగాన్ని ఎక్కువ నమ్మేది ఎవరు, చెప్పు? ఆయన అది పొమ్మన్న దిక్కు పోతాడు, నువ్వు పోవద్దన్న దిక్కు పోతావు. ఇద్దరూ దాన్ని అడక్కుండా గడప దాటరు.”

ఎన్నో వేదికల మీద ఎంతోమంది పండితులను చెండాడిన నేను జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి నొక్కుకున్నాను. ఆమె ఆగలేదు. “పిల్లల పరీక్షలు అయిపోయినాక వచ్చే మొదటి ఆదివారం. పొద్దున, ఎండ ముదరక ముందే. దండలు మార్చుకుంటాం. వచ్చినోళ్ళకు కడుపునిండా అన్నం పెడతాం. ఆ రోజు మంచిదా చెడ్డదా అని ఎవరూ చూడొద్దు, ఇద్దరూ.”

“అన్నం బాగుంటే మంచిదేలే అమ్మా,” అన్నాడు నాయన. ఆ పెళ్ళిచూపుల్లో పెద్దలు కుదిర్చిన ఒడంబడిక మొత్తం అదే. తర్వాత ఆయనే లేచి, రాయి పక్కకు తీసి, జెండాను గుంతలో పెట్టి, “మీ ఇష్టం, ఎవురన్నా పడితే నన్ను అనొద్దు,” అన్నాడు. మామ టోపీ మళ్ళీ పెట్టుకుని, దూరంగా వెతుక్కుంటున్న ఆ నలుగురి వైపు చూశాడు. “ఆ మిగతా రెండు రాళ్ళు తీసొద్దాం పద అల్లుడా. క్లబ్బోళ్ళు చూస్తే నా మెంబర్‌షిప్పు పోతుంది,” అన్నాడు. ‘లెక్చరరు గారు’ అట్లా ఒక పూటలో అల్లుడయ్యాడు. పెళ్ళి ఆమె చెప్పిన రోజునే జరిగింది. (ఆ రోజు ముహూర్తం ఉందేమోనని మామ దొంగచాటుగా చూసుకున్నాడట, లేదు. పొద్దున రాహుకాలం ఎట్లాగూ లేదు, వర్జ్యమైనా తగులుతుందేమోనని నేనూ దొంగచాటుగా చూసుకున్నాను, తగల్లేదు. అల్లుడూ మామా సమానంగా ఓడిపోయాం.)

ఇప్పుడు మామ లేడు, నాయనా లేడు. ఏటా సెలవుల్లో మామ పట్టుబట్టి నేర్పినందువల్ల బంతిని కొట్టడం మాత్రం నాకు వచ్చింది. పోయిన చలికాలం ఆమే నేనూ ఆ పట్నం వెళ్ళి, ఒక మిత్రుడి చలవతో అదే మైదానంలో ఆడాం. అదే గాలి, అదే దిబ్బ. నేను ఆఖరు గుంతలో బంతి వేశాను, ఎన్ని దెబ్బలకో ఆమె లెక్కపెట్టింది గానీ దయతలచి చెప్పలేదు. బంతి తీసుకుని లేచాను. కాళ్ళు కదల్లేదు. నాకు తెలియకుండానే కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆమె ఇసుక అంచున ఉన్న చదునైన రాయిని చెప్పు కాలితో నావైపు నెట్టింది. జెండాను జానెడు పక్కన నాటి, గుంత మీద రాయి పెట్టి, వెనక వచ్చే ఆటగాళ్ళు కేకలు వేసేదాకా అట్లాగే నిలబడ్డాను. తర్వాత అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి నవ్వుకుంటూ దిబ్బ దిగాం. ఇది ఏ నమ్మకం కిందికి వస్తుందని అప్పటి తర్కం సారు ఎదురొచ్చి అడిగి ఉంటే, ఆయన చేతికీ ఒక రాయి ఇచ్చి ఉండేవాణ్ణి.